పుంగనూరు ఆవులాంటి పాట

పెళ్లింట్లోనో, కాలేజీ టూరులోనో, తిరుమల మెట్లెక్కేటప్పుడో ‘ఒక పాట పాడండి’ అని మిమ్మల్ని అడిగితే ఏం పాడతారు? పదిమందిలో తొమ్మిదిమంది సినిమా పాటే అందుకుంటారు. పదో మనిషి అన్నమయ్య కీర్తన ఎత్తుకుంటాడు. కాస్త చెవిపెట్టి వినండి, చాలాసార్లు అదీ సినిమాలో విన్న వరసే!

తప్పని అనడం లేదు. మన సినిమా పాట గొప్పది కాబట్టే అంతగా నోళ్లలో నానుతోంది. కానీ ఒక్క సంగతి గమనించారా? సినిమాలో లేని పాటను పిలవడానికి మనకు సరైన పేరైనా లేదు. ‘ప్రైవేటు పాట’ అంటాం. ప్రైవేటు బస్సు, ప్రైవేటు బడి లాగా. అంటే అసలుది వేరే ఉంది, ఇది పక్కనుంచి వచ్చిందని మన లెక్క.

ఈ వారం ఆ ప్రైవేటు పాట గురించే. అందులోనూ మనవైపు పెద్దగా ఎవరూ పట్టించుకోని రకం గురించి. నలుగురైదుగురు కుర్రాళ్లు గిటార్లూ డ్రమ్ములూ పట్టుకుని, తామే రాసుకుని, తామే వరస కట్టుకుని, ఏ కంపెనీ గడపా తొక్కకుండా సొంత డబ్బుతో విడుదల చేసుకునే ఆల్బం గురించి. సోమలలో కూర్చుని రాక్ బ్యాండ్ల గోల మనకెందుకంటారా? ఎందుకంటే ఇక్కడ అసలు సంగతి గిటారు కాదు. పాట పగ్గం ఎవరి చేతిలో ఉందన్నది.

మండీ అప్పు

మదనపల్లె టమోటా మార్కెట్ సంగతి తెలిసినవాళ్లకు ఆల్బం వ్యాపారం గురించి వేరే చెప్పక్కర్లేదు. నారుకూ కట్టెలకూ మందులకూ చేతిలో డబ్బు లేని రైతు మండీలో అప్పు తీసుకుంటాడు. అప్పిచ్చిన మండీకే కాయ తోలాలి. అక్కడ ఎంత పలికితే అంత. కమీషన్ పోను, బాకీ పోను మిగిలింది చేతికి. పండించింది రైతే. బేరం మాత్రం అతని చేతిలో ఉండదు.

క్యాసెట్ల కాలం నుంచీ మ్యూజిక్ కంపెనీల పద్ధతీ ఇంచుమించు ఇదే. స్టూడియో ఖర్చు కంపెనీ పెడుతుంది. క్యాసెట్లో సీడీలో వేయిస్తుంది, ప్రచారం చేస్తుంది. బదులుగా ‘మాస్టర్’ తన దగ్గర ఉంచుకుంటుంది. మాస్టర్ అంటే మొదటి రికార్డింగు. కాపీలన్నీ దాన్నుంచే పుడతాయి. మాస్టర్ ఎవరిదైతే ఆ రికార్డింగు మీద పెత్తనం వారిది. ముందిచ్చిన డబ్బు వసూలయ్యాక పాడినవాళ్లకు ఒక వాటా. అది ఎప్పటికి వసూలవుతుందో లెక్క రాసేది కూడా కంపెనీయే!

పాట ఎవరిదన్న ప్రశ్న ఎంత చిక్కుదో 2017 మార్చిలో మనందరికీ తెలిసొచ్చింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దంటూ ఇళయరాజా వైపునుంచి లాయరు నోటీసు వెళ్లింది. ఎన్నో ఏళ్ల స్నేహితులు. ఒకరు కట్టిన వరస, మరొకరి గొంతు. ‘పాడినాయనే తన పాట పాడుకోకూడదా?’ అని జనం నివ్వెరపోయారు. చట్టం దృష్టిలో మాట ఒకరిది, వరస ఒకరిది, రికార్డింగు ఇంకొకరిది. మనం విన్నది ఒక్క పాటే, దాని వెనక హక్కుల కాగితాలు మూడు.

2012లో మన దేశంలో కాపీరైటు చట్టాన్ని సవరించారు. పాట రాసినవాళ్లూ వరస కట్టినవాళ్లూ తమ రాయల్టీ వాటాను ఒక్క సంతకంతో కంపెనీకి ధారపోయడానికి ఇక వీల్లేదన్నారు. మంచి మాటే. కానీ అంతకుముందు ఎన్ని దశాబ్దాలు, ఎన్ని సంతకాలు!

సొంతంగా ఆల్బం తెచ్చుకోవడమంటే ఆ సంతకం పెట్టకపోవడం. అంతే. లాభమొచ్చినా నష్టమొచ్చినా మాస్టర్ మన బీరువాలోనే ఉంటుంది.

ఇంకో దారి

రాక్ సంగీతం పుట్టిన అమెరికాలోనూ ఈ బాధ ఉన్నదే. 1980ల్లో పెద్ద కంపెనీలు పెద్ద స్టార్ల వెంట పడుతున్న రోజుల్లో, కాలేజీ పిల్లలు నడుపుకునే రేడియో స్టేషన్లలో వేరే రకం పాటలు మోగేవి. మెరుగులు తక్కువ, మనసులో మాట ఎక్కువ. చిన్న కంపెనీలు, చాలాసార్లు సొంత డబ్బు. దానికే ఆల్టర్నేటివ్ రాక్ అని పేరు స్థిరపడింది. మన భాషలో ‘ఇంకో దారి రాక్’ అనుకోండి.

సియాటిల్ పక్కనుంచి వచ్చిన నిర్వానా అనే బ్యాండు 1989లో ‘బ్లీచ్’ అనే తొలి ఆల్బం తెచ్చింది. విడుదల చేసింది సబ్ పాప్ అనే ఊళ్లోని చిన్న కంపెనీ. రికార్డింగుకు అయిన ఖర్చు 606 డాలర్ల చిల్లర. అదే బ్యాండు 1991లో పెద్ద కంపెనీకి వెళ్లి ‘నెవర్‌మైండ్’ తెచ్చింది. 1992 జనవరిలో ఆ ఆల్బం అమెరికా పట్టికలో మైకేల్ జాక్సన్‌ను కిందికి దించి పైకెక్కింది. ఇంకో దారి కాస్తా రాచబాట అయిపోయింది. పెద్ద కంపెనీలన్నీ ‘అలాంటి’ బ్యాండ్ల కోసం వల వేసుకుని కూర్చున్నాయి. మంచి పాటకు ఇదొక శాపం. దారి ఎంత వేరుగా వేసుకున్నా, చివర్లో టోల్‌గేటు వచ్చి కూర్చుంటుంది.

ఆ టోల్‌గేటును పక్కకు నెట్టింది ఇంగ్లండుకు చెందిన రేడియోహెడ్. పెద్ద కంపెనీ ఈఎంఐతో ఒప్పందం ముగిశాక, 2007 అక్టోబరు 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమును తమ సొంత వెబ్‌సైటులో పెట్టారు. ధర రాయాల్సిన గడిని ఖాళీగా వదిలేశారు. ఎంతైనా ఇవ్వొచ్చు. సున్నా అని రాసినా పాటలు వచ్చేస్తాయి! ఆ తర్వాత సీడీగా కొట్లలోకి వచ్చినప్పుడు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పట్టికల్లో మొదటి స్థానం దానిదే. మాస్టర్ మాత్రం వాళ్లదగ్గరే.

ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. మన భారతాలు చూసినవాళ్లకు మాత్రం ఇందులో వింతేముంది? ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. టికెట్టు లేదు, గేటు లేదు. దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుంటే దుర్యోధన వధ దాకా చూడొచ్చు. మధ్యలో ఆట ఆపి చదివింపులు చదువుతారు. ఫలానా ఊరు ఫలానావారు ఇంత ఇచ్చారని పేరుపెట్టి పిలుస్తారు. పది రూపాయలిచ్చినా పేరు పేరే. ఇవ్వనివాణ్ని లేపి పంపించరు.

అయితే ఇక్కడొక కిటుకుంది. చదివింపులు నడిచేది ఆట ఉచితం కావడం వల్ల కాదు, పేరు చదవడం వల్ల. మా ఊరి ఆట, మావాళ్ల ఆట, మేం నిలబెట్టుకున్న ఆట అన్న రోషం వల్ల. రేడియోహెడ్‌కు అప్పటికే దేశదేశాల అభిమానులున్నారు, కాబట్టి చెల్లింది. ఎవరికీ తెలియని కుర్రాళ్లు ఇంటర్నెట్లో ధర గడి ఖాళీగా పెడితే అది ఖాళీగానే మిగిలిపోతుంది. అక్కడ పేరు చదివేవాడు లేడు మరి.

ముప్పావు దారి బెంగళూరు

దేశాంతరాలు ఎందుకు, మన పక్కకే వద్దాం. సోమల, పుంగనూరు పిల్లలు చదువైపోగానే బస్సెక్కేది బెంగళూరుకే కదా. ఆ ఊళ్లో 1996లో మొదలైన బ్యాండు థర్మల్ అండ్ ఎ క్వార్టర్. పేరు వెనక తమాషా ఉంది. మొదట్లో ఉన్నవాళ్లలో ముగ్గురు మలయాళీలట, నాలుగో ఆయన పావు మలయాళీయట. ‘త్రీ మల్లు అండ్ ఎ క్వార్టర్’ కాస్తా నోట్లో తిరిగి థర్మల్ అయింది. వీళ్లు ఇంగ్లిషులో పాడతారు. కానీ పాడేది బెంగళూరు గురించే. 2000లో తొలి ఆల్బం, 2012లో ‘త్రీ వీల్స్ నైన్ లైవ్స్’ పేరుతో మూడు డిస్కుల ఆల్బం. మూడు చక్రాలంటే ఇంకేమిటి, ఆటోరిక్షా! సినిమా దన్ను లేకుండా దాదాపు ముప్పై ఏళ్లు నిలబడడం మాటలు కాదు. కచేరీలు చేసుకుంటూ, సంగీతం నేర్పే బడి నడుపుకుంటూ నెట్టుకొచ్చారు.

ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ కథ ఇంకాస్త గుండెను తాకేది. 1990లో మొదలై, కంపెనీల ద్వారానే ఆల్బములు తెచ్చింది. 2000లో వచ్చిన ‘కందీసా’తో దేశమంతటా పేరొచ్చింది. కరోల్‌బాగ్‌లోని ఒక పాత ఇంట్లో ఏళ్ల తరబడి సాధన చేసేవారు. 2009 డిసెంబరు 25న ఆ బ్యాండులో తబలా వాయిస్తూ పాడే అశీమ్ చక్రవర్తి చనిపోయారు. ఆయన గొంతు ఉన్న చివరి ఏడు పాటలు మిగిలినవాళ్ల చేతిలో ఉన్నాయి. అలాంటి ఆల్బముకు ఏ కంపెనీ అయినా గిరాకీ చూసుకుంటుంది. వాళ్లు అమ్మలేదు. ఆ ఇంటి నంబరునే పేరుగా పెట్టి, ‘16/330 ఖజూర్ రోడ్’ అని, 2010లో నెలకో పాట చొప్పున ఇంటర్నెట్లో ఉచితంగా వదిలారు. ఒక స్నేహితుడి గొంతును ఎవరి గోదాముకూ తాళంవేసి అప్పగించలేదు. పగ్గం చేతిలో ఉంచుకోవడం అంటే ఇదీ. ఇవ్వాలనుకున్నప్పుడు ఇవ్వగలగడం కూడా అందులో భాగమే.

మరి తెలుగులో? ఒకప్పుడు మనకు రేడియో ఉండేది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రం లలిత గీతాలనే ఒక పాయను పెంచింది. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారు వరసలు కట్టారు. ‘ఈ మాసపు పాట’ అంటూ రేడియోలో పాట నేర్పేవారు, ఇళ్లలో ఆడపిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. సినిమా కాని పాటకు అదొక ఇల్లు. ఆ ఇంట్లో సందడి తగ్గాక అంత పెద్ద ఇల్లు మళ్లీ కట్టినవాళ్లు లేరు.

2018 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి ‘చౌరస్తా’ అనే బ్యాండు వచ్చింది. జానపదం, రెగే కలిపి, అచ్చ తెలుగులో సొంత పాటలు. పట్నం మీద విసుగొచ్చి ఊరికి పోదామనుకునే మనిషి మీద వాళ్లు చేసిన ‘ఊరెళ్లిపోతా మామ’ పాట ఎంతమంది ఫోన్లలో మోగిందో! బెంగళూరులో అద్దె గదుల్లో ఉండే మనవైపు పిల్లలకు అది తమ గోడే అనిపించింది. ఆ బ్యాండులో పాడిన రామ్ మిర్యాల తర్వాత సినిమాల్లోకి వెళ్లారు. 2021లో ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట, 2022లో ‘డీజే టిల్లు’ పాట ఊరూరా తెలుసు. ఆయన ఎదిగినందుకు సంతోషమే. కానీ మన దగ్గర బయటి పాటకు గమ్యం కూడా సినిమాయే అన్నది మరోసారి తేలింది. సినిమా మన పాటకు చెరువు. అన్ని వాగులూ అక్కడికే. చెరువు నిండితే మంచిదే, వాగు పక్కన కూడా నాలుగు చేలున్నాయి కదా?

గిటారు మనది కాదా?

మా మండలంలోనే ఒక కుర్రాడున్నాడు. బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు స్నేహితులతో గిటారు. పండక్కి వచ్చి ఫోన్లో తమ పాట వినిపిస్తే తాత అడిగాడు.

‘‘ఏమబ్బోడా, ఇది ఏం సినిమాలో వస్తాది?’’

‘‘సినిమా కాదు తాతా, మేమే కట్టుకున్యాం.’’

‘‘మరి దుడ్లు ఎవురిచ్చినారు?’’

‘‘ఎవురూ ఈలేదు తాతా. తలా ఇంత ఏసుకున్యాం.’’

తాత కాసేపు ఆలోచించి, ‘‘ఓరి, మా బజన గుడి మాదిరే కదరా! మేమూ తలా ఇంత ఏసుకునే తాళాలు కొన్యాము’’ అన్నాడు. ఆల్టర్నేటివ్ రాక్ అంటే ఏమిటో అంతకన్నా సులువుగా ఎవరూ చెప్పలేరు.

ఆ తాతకు రాని అనుమానం చదువుకున్నవాళ్లకు వస్తుంది. గిటారు పరాయిది కదా, మన సంస్కృతి ఏమవుతుందని. అయ్యా, మన వీధినాటకంలో హార్మోనియం లేకుండా పద్యం ఎత్తుకుంటారా? ఆ పెట్టె 1840ల్లో పారిస్‌లో పేటెంటు పొందిన వాయిద్యం. వయొలిన్ ఐరోపాది. పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ చేతిలో కర్ణాటక సంగీతం పలికిన మాండొలినూ అంతే. వాయిద్యానికి ఊరు ఉండదు, వాయించినవాడి ఊరే దాని ఊరు.

అంతెందుకు, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. ‘జనగణమన’ను ఆయన ఇంగ్లిషులోకి మార్చింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం నేర్చిన మనిషి, ఐర్లండు ఆడపడుచు. ఆ పాటకు స్వరలిపి రాసింది ఆమే. బెంగాలీ పాట, ఐర్లండు చెయ్యి, మదనపల్లె గాలి. వందేళ్ల కిందటే మన ఊళ్లో జరిగిన ఈ కలయికను చూసి గర్వపడే మనం, మన పిల్లవాడి చేతిలో గిటారును చూసి జడుసుకుంటే ఎలా?

పొట్టి ఆవు, చిక్కని పాలు

అసలు చిక్కు గిటారుతో కాదు, గిట్టుబాటుతో. ఇప్పుడు రికార్డింగుకు పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక కంప్యూటరు, ఒక మంచి మైకు, దుప్పట్లు కట్టి చప్పుడు ఆపిన గది ఉంటే చాలు. పాటను ప్రపంచంలోని శ్రోతలందరి ముందూ పెట్టడం గంటల పని. కానీ పాటలు వినిపించే యాప్‌లలో ఒకసారి వింటే పాడినవాళ్లకు రాలేది పైసల్లో. లక్షలమంది వింటేనే లెక్కలోకి వస్తుంది. సినిమా పాటకు హీరో ఉన్నాడు, పోస్టరు ఉంది, టీవీ ఉంది. సొంత పాటకు సొంత గొంతే ఉంది. అందుకే చాలామంది రెండు పాటలు చేసి, మూడోదానికి అప్పు చేసి, నాలుగోదానికి గిటారు అటక మీద పెట్టేస్తారు.

ఇక్కడే నాకు మన పుంగనూరు ఆవు గుర్తొస్తుంది. నిలబడితే మనిషి నడుము దాటని ఆవు. మేత కొంచెం, పాలూ కొంచెమే. రోజుకు మూడు నుంచి ఐదు లీటర్లు. కానీ మామూలు ఆవు పాలల్లో వెన్న మూడు, మూడున్నర శాతముంటే, దీని పాలల్లో ఎనిమిది దాకా ఉంటుందని చెబుతారు. కరువు సీమలో పుట్టి ఎండకు తట్టుకునే జాతి. బిందెలు నింపే సీమ ఆవులు వచ్చాక మనం ఏం చేశాం? లీటర్ల లెక్క చూసుకుని దీన్ని వదిలేశాం. ఊళ్లో పుట్టిన జాతి ఊళ్లోనే కనబడకుండా పోయే దాకా వచ్చింది. పలమనేరు పశు పరిశోధన స్థానంలోనూ, పట్టు విడవని కొందరి దొడ్లలోనూ నిలబడబట్టి మిగిలింది. 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో ఆ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చేసరికి దేశమంతా ‘ఎక్కడ దొరుకుతుంది?’ అని అడిగింది. దొరికితే లక్షలు! జాతి అంతరించే అంచుకు వెళ్లాక పెరిగిన ధర అది.

పాటల విషయంలోనూ మనం లీటర్లే కొలుస్తున్నాం. ఎన్ని కోట్ల వ్యూస్ అని అడుగుతాం, వెన్న శాతం అడగం.

కోల్‌కతావాళ్లకు ఈ అనుభవం ఉంది. 1975లో అక్కడ ‘మొహీనేర్ ఘోడాగులి’ అనే బ్యాండు మొదలైంది. మొహీన్ గుర్రాలని అర్థం. 1977 నుంచి 1979 వరకు మూడు చిన్న రికార్డులు తెచ్చారు, సొంత భాషలో. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు కొద్దిమంది. బ్యాండు చెదిరిపోయింది. 1990ల్లో కొత్త తరం పిల్లలు ఆ పాటల్ని వెతికి పట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు. బెంగాలీలో ఆ తర్వాత వచ్చిన బ్యాండ్లకు అది పెద్దదిక్కయింది. బ్యాండును నడిపిన గౌతమ్ చట్టోపాధ్యాయ్ 1999లో చనిపోయారు. 2006లో ‘గ్యాంగ్‌స్టర్’ అనే హిందీ సినిమాలో దేశమంతా పాడుకున్న ‘భీగీ భీగీ’ పాటకు మూలం వీళ్ల వరసే. ఎప్పుడో పిండిన చెంబెడు పాలు, పాతికేళ్ల తర్వాత కూడా మీగడ కట్టాయి. కానీ ఎవరో ఒకరు అప్పుడు పిండబట్టి కదా!

తెలుగులో కూడా అలాంటి ఆల్బం రావాలి. టమోటా రేటు పడిపోయిన రోజు రోడ్డు పక్క పారబోసిన కాయల గురించి, బెంగళూరు అద్దె గది గురించి, వెయ్యి అడుగులు వేసినా నీళ్లు పడని బోరు గురించి మన యాసలో పాడే పాట ఏ సినిమా కథలోనూ ఇమడకపోవచ్చు. ఇమడక్కర్లేదు. హీరోకు సరిపోని మాటలు మనుషులకు చాలా ఉంటాయి. వాటిని పాడుకోవడానికి సినిమా అనుమతి ఇచ్చేదాకా ఆగితే, మన బతుకులో సగం పాట కాకుండానే పోతుంది.

అందుకు మనం చేయగలిగింది పెద్దదేం కాదు. మీ వీధి పిల్లలు సొంత పాట చేశామని లింకు పంపితే ‘సూపర్’ అని బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకండి. పాట చివరిదాకా వినండి. బాగుంటే ఫోన్లోనే ఒక వందో, రెండు వందలో పంపండి. బాగోకపోతే ఎక్కడ బాగోలేదో చెప్పండి, అదీ చదివింపే. కాలేజీ వార్షికోత్సవానికి సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఇచ్చే డబ్బులో కొంత తీసి, సొంత పాట పాడేవాళ్లకు ఒక అరగంట ఇవ్వండి. తిరునాళ్లలో, గంగజాతరలో, వినాయకుడి పందిట్లో ఒక్క పాటకు చోటివ్వండి. పాడాక మైకు తీసుకుని పాట ఎవరు రాశారో, ఎవరు వరస కట్టారో, ఏ ఊరో, ఎవరి బిడ్డలో పేరు పేరునా చదవండి.

ఇంటర్నెట్టుకు రానిది అదొక్కటే. మనకు తరతరాలుగా వచ్చినదీ అదే.